మోటార్‌హోమ్ మరుగుదొడ్డి

'''మోటార్‌హోమ్ మరుగుదొడ్డి''' అనగా ప్రయాణంలో నివసించడానికి అనువుగా తయారు చేసిన మోటారు వాహనంలో అమర్చే మరుగుదొడ్డి. ఇంటిలోని మరుగుదొడ్డి వలె ఇది ఊరి మురుగు కాలువకు గాని, సెప్టిక్ ట్యాంకుకు గాని కలిసి ఉండదు. ఇందులోని మలమూత్రాలు వాహనంలోనే ఉన్న ఒక మూసిన ట్యాంకులో నిలువ ఉండి, తరువాత అందుకు కేటాయించిన స్థలంలో ఖాళీ చేయబడతాయి. ఈ ట్యాంకు వ్యర్థాలను కొద్ది రోజులు దాచి ఉంచడానికే గాని శుద్ధి చేయడానికి కాదు. దీని నిర్వహణకు సంబంధించిన నియమాలలో చాలా భాగం ఈ ఒక్క విషయం నుండే పుట్టినవి. అమెరికా, కెనడా, ఐరోపా దేశాలు, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో మోటార్‌హోమ్‌ల వాడకం ఎక్కువ. ఆ దేశాలలో ఇటువంటి వాహనాన్ని అద్దెకు తీసుకొని విహారయాత్రకు వెళ్ళేవారు కూడా ట్యాంకును తామే ఖాళీ చేసుకోవలసి ఉంటుంది.

== చరిత్ర ==

1910లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శించిన పియర్స్-ఆరో కంపెనీ వారి టూరింగ్ లాండో అనే కారును మోటార్‌హోమ్‌లకు తొలి రూపాలలో ఒకటిగా పేర్కొంటారు. అందులో పడకగా మారే వెనుక సీటు, చేతులు కడుగుకొనే సింకు, మలమూత్రాల కొరకు ఒక పాత్ర ఉండేవి. తరువాతి దశాబ్దాలలో కూడా వాహనాలలో ప్రయాణించే విహారులు ఎక్కువగా శిబిర స్థలాలలోని మరుగుదొడ్లనే వాడుకొనేవారు. 1960లలో అమెరికాలో విన్నెబాగో వంటి కంపెనీలు మోటార్‌హోమ్‌లను పెద్ద సంఖ్యలో తయారు చేయడంతో, వాహనంలోనే మరుగుదొడ్డి, దానికి ట్యాంకు ఉండడం సాధారణమైంది. మిచిగాన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో మొదలైన థెట్‌ఫోర్డ్ కంపెనీ ఈ రంగంలో పేరు పొందింది. చేతితో మోసుకుపోగల మరుగుదొడ్డిని, ఆ తరువాత ఐరోపా కొరకు క్యాసెట్ మరుగుదొడ్డిని ఆ కంపెనీ ప్రచారంలోకి తెచ్చింది.

== ట్యాంకులు ==

పెద్ద మోటార్‌హోమ్‌లో సాధారణంగా మూడు ట్యాంకులు ఉంటాయి.

* '''మంచినీటి ట్యాంకు''' - తాగడానికి, వంటకు, స్నానానికి కావలసిన నీరు ఇందులో ఉంటుంది.
* '''గ్రే ట్యాంకు''' - వంటగది సింకు, స్నానాల గది నుండి వచ్చే వాడిన నీరు ఇందులో చేరుతుంది.
* '''బ్లాక్ ట్యాంకు''' - మరుగుదొడ్డి నుండి వచ్చే మలమూత్రాలు, కాగితం, నీరు ఇందులో చేరతాయి.

బ్లాక్ ట్యాంకును గట్టి ప్లాస్టిక్‌తో తయారు చేస్తారు. వాహనం పరిమాణాన్ని బట్టి ఇది సుమారు 15 నుండి 50 అమెరికా గ్యాలన్లు, అనగా సుమారు 57 నుండి 190 లీటర్లు పడుతుంది. ట్యాంకు అడుగున సాధారణంగా 3 అంగుళాల వ్యాసం గల గొట్టం, దానికి గేట్ వాల్వు ఉంటాయి. వాయువులు బయటకు పోవడానికి ఒక గాలి గొట్టం ట్యాంకు పైభాగం నుండి వాహనం కప్పు మీదికి పోతుంది.

ట్యాంకు బరువును కూడా గుర్తుంచుకోవలెను. లీటరు నీరు ఒక కిలోగ్రాము బరువు ఉంటుంది కాబట్టి 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే వాహనంపై సుమారు 150 కిలోగ్రాముల బరువు చేరినట్లే. అందుచేత దూరప్రయాణానికి ముందు ట్యాంకును ఖాళీ చేసుకోవడం మంచిది.

== రకాలు ==

=== గురుత్వాకర్షణతో పనిచేసేవి ===

అమెరికాలో ఎక్కువగా కనిపించేది ఈ రకం. కమోడ్ సరిగ్గా బ్లాక్ ట్యాంకు పైన ఉంటుంది. కాలితో పెడల్ తొక్కగానే కమోడ్ అడుగున ఉన్న పలక లేదా గోళాకారపు మూత తెరుచుకొని, వ్యర్థాలు తమ బరువుతోనే ట్యాంకులోకి జారిపోతాయి. పెడల్ వదలగానే మూత మూసుకుంటుంది. మూత చుట్టూ ఉన్న రబ్బరు సీలు మీద కొద్దిగా నీరు నిలిచి ట్యాంకులోని వాసనను పైకి రానీయదు.

=== క్యాసెట్ మరుగుదొడ్డి ===

ఐరోపా దేశాలలోని మోటార్‌హోమ్‌లలో ఈ రకం ఎక్కువ. ఇందులో పెద్ద ట్యాంకుకు బదులు 17 నుండి 20 లీటర్లు పట్టే చిన్న పెట్టె ఉంటుంది. దీనినే క్యాసెట్ అంటారు. వాహనం వెలుపలి గోడకు ఉన్న చిన్న తలుపు తెరిచి దీనిని బయటకు లాగి, చేతితో మోసుకొని లేదా చక్రాలపై దొర్లించుకొని పోయి ఖాళీ చేయవచ్చు. ఇద్దరు మనుషులు వాడితే రెండు మూడు రోజులలో ఇది నిండుతుంది.

=== ఇతర రకాలు ===

కొన్ని ఖరీదైన వాహనాలలో వ్యర్థాలను బ్లేడులతో మెత్తగా చేసి పంపుతో నెట్టే మరుగుదొడ్లు, విమానాలలో వలె శూన్య పీడనంతో లాగే మరుగుదొడ్లు ఉంటాయి. వీటిలో ట్యాంకు కమోడ్ క్రిందనే ఉండనవసరం లేదు. మలాన్ని, మూత్రాన్ని వేరుచేసి పొడిగా నిలువచేసే మరుగుదొడ్లను కూడా కొందరు అమర్చుకుంటున్నారు. వీటికి నీరు అవసరం లేదు.

== నీటి ప్రాధాన్యత ==

మొదటిసారి మోటార్‌హోమ్ వాడేవారు నీటిని ఆదా చేయాలని, ట్యాంకు త్వరగా నిండకూడదని తలచి మరుగుదొడ్డిలో అతి తక్కువ నీరు పోస్తుంటారు. బ్లాక్ ట్యాంకులో వచ్చే ఇబ్బందులలో ఎక్కువ వాటికి మూలం ఈ అలవాటే. తగినంత నీరు లేకపోతే మలము, కాగితము కరగక అడుగుకు చేరి గట్టిపడతాయి. వాల్వు తెరిచినప్పుడు ద్రవం మాత్రమే పోయి ముద్ద అక్కడే మిగిలిపోతుంది. అందుచేత ఈ క్రింది పద్ధతులు పాటించడం మంచిది.

* ఖాళీ చేసిన వెంటనే, తిరిగి వాడక ముందే, బ్లాక్ ట్యాంకు అడుగు అంతా మునిగేటట్లు నీరు పోయవలెను. క్యాసెట్‌కు సుమారు 2 లీటర్లు చాలు.
* మల విసర్జన తరువాత ధారాళంగా నీరు వదలవలెను. మూత్రానికి కొద్ది నీరు సరిపోతుంది.
* శిబిర స్థలంలో గొట్టాన్ని మురుగు మార్గానికి కలిపి ఉంచినప్పటికీ, బ్లాక్ ట్యాంకు వాల్వును మూసి ఉంచవలెను.

చివరి నియమం విషయంలోనే పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. వాల్వు తెరిచి ఉంచితే ట్యాంకు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుందని అనిపిస్తుంది. కాని నిజానికి నీరు వెంటనే జారిపోయి, ఘన పదార్థం కమోడ్ క్రింద కుప్పగా పేరుకొని ఎండిపోతుంది. ఈ కుప్ప పెరిగి చివరకు కమోడ్ గొట్టాన్నే మూసివేయవచ్చు. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండిన తరువాత ఒకేసారి తెరిస్తే, ఆ నీటి వేగమే ఘన పదార్థాన్ని తనతో లాక్కొనిపోతుంది.

== ట్యాంకులో వేయదగినవి, వేయరానివి ==

మలమూత్రాలు, నీరు, త్వరగా కరిగే టాయిలెట్ కాగితం తప్ప మరేదీ బ్లాక్ ట్యాంకులో వేయరాదు. కాగితాన్ని పరీక్షించడానికి సులభమైన పద్ధతి ఒకటి కలదు. మూత ఉన్న గాజు సీసాలో నీరు పోసి, ఒక కాగితం ముక్క వేసి కొన్నిసార్లు ఊపవలెను. కాగితం పీచులు పీచులుగా విడిపోతే అది పనికివస్తుంది. ముక్కగానే మిగిలితే పనికిరాదు.

తడి వైప్‌లు, శానిటరీ న్యాప్‌కిన్లు, పిల్లల డయాపర్లు, దూది, జుట్టు, వంటనూనె, ఆహారపు మిగులు వేయకూడదు. మరుగుదొడ్డిలో వేయవచ్చునని అట్టపై ముద్రించిన వైప్‌లు కూడా ట్యాంకులో సులభంగా కరగవు.

== రసాయనాలు ==

ట్యాంకులో వేయడానికి ద్రవ రూపంలోనూ, పొడిగానూ, చిన్న పొట్లాలుగానూ అనేక పదార్థాలు అమ్ముతారు. ఇవి స్థూలంగా రెండు విధాలు.

'''సూక్ష్మజీవులను చంపేవి.''' ఫార్మాల్డిహైడ్, బ్రోనోపాల్ వంటి పదార్థాలు ట్యాంకులోని బాక్టీరియాను చంపి, కుళ్ళడాన్ని ఆపి, తద్వారా వాసనను తగ్గిస్తాయి. అయితే వీటి వలన మరొక చోట హాని జరుగుతుంది. ఊరికి దూరంగా ఉన్న శిబిర స్థలాలు చాలా వరకు తమ సొంత సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడి ఉంటాయి. సెప్టిక్ ట్యాంకు పనిచేసేదే బాక్టీరియా వలన. అనేక వాహనాల నుండి వచ్చే రసాయనం ఆ బాక్టీరియాను దెబ్బతీస్తే, శుద్ధికాని మురుగు నేలలోకి చేరుతుంది. ఈ కారణంగానే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఫార్మాల్డిహైడ్ వంటి పదార్థాలు గల ట్యాంకు రసాయనాలను చట్టం ద్వారా నిషేధించింది.

'''సూక్ష్మజీవులకు తోడ్పడేవి.''' ఎంజైములు, బాక్టీరియా గల పదార్థాలు మలాన్ని, కాగితాన్ని విడగొట్టడానికి సహాయపడతాయి. నైట్రేటు లవణాలు గల పదార్థాలు దుర్వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ ఏర్పడకుండా చేస్తాయి. ఇవి సెప్టిక్ ట్యాంకులకు హాని చేయవు. అయితే వీటికి తగినంత నీరు, సమయం కావలెను. తీవ్రమైన చలిలో ఇవి నెమ్మదిగా పనిచేస్తాయి.

ఏ పదార్థమైనా నీటికి ప్రత్యామ్నాయం కాదు. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవాన్ని ట్యాంకులో పోయరాదు. అది రబ్బరు సీళ్ళను పాడుచేస్తుంది. అంతేకాక మూత్రం నుండి పుట్టే అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ అనే విషవాయువులను విడుదల చేస్తుంది.

== ఖాళీ చేసే విధానం ==

వ్యర్థాలను ఖాళీ చేయడానికి ఏర్పాటు చేసిన స్థలాన్ని డంప్ స్టేషను అంటారు. శిబిర స్థలాలలోనూ, కొన్ని పెట్రోలు బంకులలోనూ, అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలో రహదారి విశ్రాంతి స్థలాలలోనూ ఇవి ఉంటాయి. బ్లాక్ ట్యాంకును ఖాళీ చేసే క్రమం ఈ విధంగా ఉంటుంది.

# వాడి పారవేసే చేతి తొడుగులు ధరించవలెను.
# రెండు ట్యాంకుల వాల్వులు మూసి ఉన్నాయని నిర్ధారించుకొన్న తరువాతే బయటి గొట్టం మూత తీయవలెను.
# మురుగు గొట్టాన్ని ముందుగా వాహనానికి బిగించి, రెండవ కొనను డంప్ స్టేషను రంధ్రంలో జారిపోకుండా అమర్చవలెను.
# మొదట బ్లాక్ ట్యాంకు వాల్వును పూర్తిగా తెరవవలెను. ప్రవాహం ఆగిన తరువాత కమోడ్ ద్వారా నీరు పోసి మరలా పారనివ్వవలెను.
# బ్లాక్ ట్యాంకు వాల్వు మూసి, గ్రే ట్యాంకు వాల్వు తెరవవలెను. సబ్బు నీరు గొట్టాన్ని లోపలి నుండి కడుగుతుంది.
# రెండు వాల్వులు మూసి, గొట్టాన్ని మొదట వాహనం వైపు విప్పి, పైకెత్తి అందులో మిగిలినది రంధ్రంలోకి జారనివ్వవలెను.
# గొట్టాన్ని, ఆ స్థలాన్ని అక్కడి కుళాయి నీటితో కడిగి, మూతలు బిగించవలెను.
# బ్లాక్ ట్యాంకులో తిరిగి కొంత నీరు, అవసరమైన పదార్థం పోయవలెను.

ఈ క్రమంలో బ్లాక్ ట్యాంకును ముందు, గ్రే ట్యాంకును తరువాత ఖాళీ చేయడం ముఖ్యం. ఎక్కువ రోజులు ఒకే చోట ఉండి గ్రే ట్యాంకు వాల్వును తెరిచి ఉంచుకొనేవారు, ఖాళీ చేయడానికి ఒకరోజు ముందే దానిని మూసి, గొట్టం కడగడానికి సరిపడ నీరు చేరనివ్వడం మంచిది.

క్యాసెట్ అయితే దానిని నిర్ణీత స్థలానికి తీసుకొనిపోయి, మూత తీసి, గాలి ప్రవేశించే బొత్తామును నొక్కి ఉంచి నెమ్మదిగా వంచవలెను. బొత్తాము నొక్కకపోతే ద్రవం గుటుక్కు గుటుక్కుమంటూ ఆగి ఆగి వచ్చి మీదకు చిమ్ముతుంది. ఖాళీ అయిన తరువాత సగం వరకు నీరు పోసి ఊపి, మరల పారబోయవలెను.

== శుభ్రపరచడం ==

ప్రతిసారి ఖాళీ చేసినప్పుడు వెలువడే నీరు దాదాపు తేటగా వచ్చే వరకు కడిగితే ట్యాంకు ఎక్కువ కాలం మంచి స్థితిలో ఉంటుంది. కొన్ని వాహనాలలో ట్యాంకు లోపలి గోడలపై నీటిని చిమ్మే ఏర్పాటు ఉంటుంది. లేనిచో కమోడ్ ద్వారా లోపలికి దింపే పొడవైన స్ప్రే గొట్టాన్ని వాడవచ్చు. లోపలి స్ప్రేను వాడేటప్పుడు బయటి వాల్వు తెరిచి ఉన్నదని చూసుకోవలెను. వాల్వు మూసి, నీరు వదిలి, మరచిపోతే ట్యాంకు నిండి మురుగు కమోడ్ గుండా గది లోపలికి పొంగుతుంది. ఈ పని జరుగుతున్నంతసేపు ఎవరైనా దగ్గర ఉండవలెను.

మంచినీటికి వాడే గొట్టాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఈ పనికి వాడరాదు. రెండు గొట్టాలను వేరువేరు రంగులలో కొని, వేరువేరు అరలలో ఉంచడం ఉత్తమం. డంప్ స్టేషనులో కడగడానికి ఇచ్చే కుళాయి నీరు తాగడానికి పనికిరాదు. దాని నుండి మంచినీటి ట్యాంకును నింపరాదు.

== సాధారణ సమస్యలు ==

'''ట్యాంకు నిండినట్లు తప్పుగా చూపించడం.''' చాలా వాహనాలలో ట్యాంకు గోడ గుండా లోపలికి అమర్చిన లోహపు మొనలు ద్రవం ఎత్తును తెలుపుతాయి. వీటికి కాగితం గాని, మడ్డి గాని అంటుకుంటే ఖాళీ ట్యాంకును కూడా నిండినట్లు చూపిస్తాయి. ట్యాంకును బాగా కడగడం, సగం నీటితో కొంత దూరం ప్రయాణించి ఖాళీ చేయడం దీనికి పరిష్కారాలు. ట్యాంకు వెలుపల అతికించే సెన్సార్లకు ఈ ఇబ్బంది తక్కువ.

'''దుర్వాసన.''' కమోడ్‌లో నీరు నిలవకపోతే రబ్బరు సీలు అరిగిందని లేదా దానిపై మడ్డి చేరిందని భావించవచ్చు. సీలును శుభ్రపరచి సిలికాన్ గ్రీజు పూయవలెను. పెట్రోలియం జెల్లీ కొన్ని రకాల రబ్బరును ఉబ్బింపజేస్తుంది. సీలు బాగున్నా వాసన వస్తుంటే కప్పు మీది గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూడవలెను. పక్షుల గూళ్ళు, కందిరీగల తుట్టెలు ఇందుకు కారణం కావచ్చు. చాలా రోజులు వాడని వాహనంలో సింకు క్రింది వంపు గొట్టాలలోని నీరు ఆరిపోయి గ్రే ట్యాంకు వాసన కూడా లోపలికి వస్తుంది. ఒక గ్లాసు నీరు పోస్తే ఇది తగ్గుతుంది.

'''గట్టిపడిన ముద్ద.''' ట్యాంకులో నీరు నింపి, ఎంజైము పదార్థం వేసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి ఖాళీ చేయవలెను. అవసరమైతే మరల చేయవలెను. మరుగుతున్న నీరు ప్లాస్టిక్ గొట్టాలకు, సీళ్ళకు హాని చేయవచ్చును కాబట్టి గోరువెచ్చని నీరే వాడవలెను. ఇనుప కడ్డీతో పొడిస్తే ట్యాంకుకు, సెన్సార్లకు దెబ్బ తగులుతుంది. ఇవేవీ పనిచేయకపోతే అధిక పీడనపు నీటితో శుభ్రపరచే వృత్తినిపుణులను పిలువవలసి ఉంటుంది.

'''మంచు ముక్కలు.''' ట్యాంకులో మంచు ముక్కలు వేసి ప్రయాణిస్తే గోడలు శుభ్రపడతాయని ఒక నమ్మకం కలదు. మంచు నీటిపై తేలుతుంది, కొద్దిసేపటికి కరిగిపోతుంది. కాబట్టి అడుగున ఉన్న ముద్దపై దాని ప్రభావం స్వల్పం.

== చలికాలంలో జాగ్రత్తలు ==

ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గే ప్రదేశాలలో ట్యాంకు, వాల్వు, గొట్టాలు గడ్డకట్టి పగిలిపోవచ్చు. వాహనాన్ని చలికాలమంతా నిలిపి ఉంచదలచినవారు ట్యాంకులను పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ప్రొపిలీన్ గ్లైకాల్‌తో తయారైన గులాబి రంగు ద్రవాన్ని గొట్టాలలోనూ, కమోడ్‌లోనూ పోస్తారు. కారు ఇంజన్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితం. దానిని ఈ పనికి వాడరాదు. చలిలో కూడా ప్రయాణించేవారి కొరకు ట్యాంకు అడుగున అతికించే విద్యుత్ వేడి పలకలు లభిస్తాయి.

== ఆరోగ్యం, భద్రత ==

మలంలో అతిసారం, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ వంటి వ్యాధులను కలిగించే సూక్ష్మజీవులు ఉండవచ్చు. చేతి తొడుగులు ధరించినప్పటికీ పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తొడుగులతో వాహనపు తలుపులను, మంచినీటి కుళాయిని తాకరాదు. ట్యాంకులో గాలి లేని స్థితిలో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు పుడతాయి. మొదటిది మండే వాయువు, రెండవది విషవాయువు. అందుచేత ఖాళీ చేసేటప్పుడు పొగ త్రాగరాదు, నిప్పు దగ్గరకు తీసుకొనిపోరాదు.

== చట్టం, పర్యావరణం ==

రహదారి ప్రక్కన, అడవిలో, వాననీటి కాలువలో బ్లాక్ ట్యాంకును ఖాళీ చేయడం అనేక దేశాలలో నేరం. అమెరికాలో 1972 నాటి స్వచ్ఛ జల చట్టం అనుమతి లేకుండా కాలుష్యాన్ని జలాశయాలలోకి వదలడాన్ని నిషేధిస్తున్నది. వాననీటి కాలువలు చాలా చోట్ల శుద్ధి కేంద్రానికి పోకుండా నేరుగా నదిలోనో, చెరువులోనో కలుస్తాయి. ఈ సంగతి తెలియక జరిగే పొరపాట్లు కూడా ఉన్నాయి.

ఈ విషయంలో బాగా ప్రచారం పొందిన ఘటన చికాగో నగరంలో జరిగింది. 2004 ఆగష్టు 8న డేవ్ మాథ్యూస్ బ్యాండ్ అనే సంగీత బృందానికి చెందిన ఒక బస్సు కింజీ వీధి వంతెనపై పోతుండగా, దాని డ్రైవరు బ్లాక్ ట్యాంకును తెరిచాడు. వంతెన నేల ఇనుప జాలీతో చేసినది. సుమారు 800 పౌండ్లు, అనగా 360 కిలోగ్రాముల మురుగు, ఆ సమయంలో క్రిందుగా పోతున్న విహార పడవలోని ప్రయాణికులపై పడింది. పడవలో వంద మందికి పైగా ఉన్నారు. 2005లో డ్రైవరు నేరం అంగీకరించగా, న్యాయస్థానం అతనికి 10,000 డాలర్ల జరిమానా, 18 నెలల ప్రొబేషన్, 150 గంటల సమాజసేవ విధించింది. సంగీత బృందం ఇల్లినాయ్ రాష్ట్రానికి 2,00,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నది.

== భారతదేశంలో ==

భారతదేశంలో మోటార్‌హోమ్‌ల వాడకం తక్కువ. తెలుగు చలనచిత్ర పరిశ్రమలో నటీనటులు చిత్రీకరణ స్థలంలో విశ్రాంతికి వాడే, మరుగుదొడ్డి గల వాహనాలను క్యారవాన్ అని పిలుస్తారు. వీటి ట్యాంకులకు కూడా పైన చెప్పిన నియమాలే వర్తిస్తాయి. పాశ్చాత్య దేశాలలో వలె డంప్ స్టేషన్లు ఊరూరా లేనందున, ఖాళీ చేసే స్థలాన్ని ముందుగానే నిర్ణయించుకోవడం ఇక్కడ మరింత అవసరం. మనుషులచేత మలాన్ని ఎత్తించడాన్ని, మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను రక్షణ లేకుండా శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. వాహనపు ట్యాంకును సరిగా నిర్వహిస్తే దానిలోకి ఎవరూ చేయి పెట్టవలసిన అవసరమే రాదు.

రైలు పెట్టెలలో వేరొక పద్ధతి అనుసరించబడుతున్నది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ సహకారంతో రూపొందిన జీవ మరుగుదొడ్లను భారతీయ రైల్వే 2011 నుండి ప్రవేశపెట్టింది. వీటిలో పెట్టె క్రింద ఉన్న ట్యాంకులోని బాక్టీరియా మలాన్ని విడగొడుతుంది. మోటార్‌హోమ్ ట్యాంకు నిలువ చేసేది మాత్రమే కాగా, ఇది కొంత వరకు శుద్ధి కూడా చేస్తుంది.

== సినిమాలలో ==

1989లో విడుదలైన ''నేషనల్ లాంపూన్స్ క్రిస్మస్ వెకేషన్'' అనే హాస్య చిత్రంలో ఒక బంధువు తన మోటార్‌హోమ్ ట్యాంకును వీధిలోని వాననీటి కాలువలో ఖాళీ చేస్తాడు. చిత్రం చివరలో ఆ కాలువలో చేరిన వాయువు అంటుకొని పేలుతుంది. 2006 నాటి ''ఆర్‌వి'' చిత్రంలోనూ ట్యాంకు ఖాళీ చేయడం తెలియని కుటుంబం పడే అవస్థ హాస్యంగా చూపబడింది.

== ఇవి కూడా చూడండి ==

* మరుగుదొడ్డి
* సెప్టిక్ ట్యాంకు
* మురుగునీటి శుద్ధి
* జీవ మరుగుదొడ్డి
* పారిశుద్ధ్యం